చొక్కా కింద పిస్టల్

'మోసగాళ్ళకు మోసగాడు' సినిమా 1971లో వచ్చింది. అప్పుడు నాకు పదకొండేళ్ళు. సికింద్రాబాద్‌లో మా అన్నయ్య వెంటపడి వెళ్ళి చూశాను. కాన్వెంట్ స్కూలు పిల్లని కాబట్టి డైలాగులు సగమే అర్థమయ్యాయి. కృష్ణ నడుముకి వేలాడే తుపాకీ మాత్రం పూర్తిగా అర్థమయింది. అది అందరికీ కనబడుతుంది. మంచివాడి నడుముకీ ఉంటుంది, చెడ్డవాడి నడుముకీ ఉంటుంది. ఎవడు ముందు తీస్తాడన్నదే కథ.

1984లో పెళ్ళయి టెక్సాస్ వచ్చాను. మొదటి వారం కిరాణా కొట్లో, బ్యాంకులో, గ్యాస్ స్టేషన్లో మగవాళ్ళ నడుముల వైపే చూస్తూ ఉన్నాను. మావారు సిగ్గుపడిపోయి "ఏంటా చూపు?" అని అడిగారు. టోపీలు కనబడ్డాయి. బూట్లు కనబడ్డాయి. తుపాకీ ఒక్కటి కూడా కనబడలేదు.

ఎందుకు కనబడలేదో నాకు దాదాపు నలభై ఏళ్ళ తరవాత తెలిసింది. ఆ సినిమా రావడానికి సరిగ్గా వందేళ్ళ ముందు, అంటే 1871లో, టెక్సాస్ రాష్ట్రం పిస్టల్ వెంట పెట్టుకుని తిరగడాన్ని నేరం చేసింది. పైకి కనబడేలా పెట్టుకున్నా నేరమే, బట్టల కింద దాచినా నేరమే. ఆ చట్టం చిన్న చిన్న మార్పులతో 1995 దాకా నడిచింది. అంటే నేను వచ్చిన టెక్సాస్‌లో, చట్టం ప్రకారం, మామూలు మనిషి నడుముకి పిస్టల్ ఉండకూడదు.

ఈ చరిత్ర నేను సరదాకి చదవలేదు. గుడిలో జరిగిన ఒక విషయం వల్ల చదివాను.

శనివారాలు నేను మా గుడిలో తీర్థం బల్ల దగ్గర కూర్చుంటాను. రెండేళ్ళ క్రితం ఒక శనివారం రాత్రి, హారతి అయ్యాక, నాకు బాగా తెలిసిన ఒకబ్బాయి స్వామి ముందు సాష్టాంగం చెయ్యడానికి వంగాడు. సగం వంగి ఆగిపోయాడు. వెనక చొక్కా పైకి జరిగింది. నడుము దగ్గర, ప్యాంటు అంచు పైన, నల్లటి పిడి కనిపించింది. చిన్నది కాదు. పోలీసుల దగ్గర ఉండే సైజు. అతను చెయ్యి వెనక్కి పెట్టి చొక్కా కిందికి లాక్కుని, నిలబడే దణ్ణం పెట్టుకుని వచ్చేశాడు.

చెప్పుల స్టాండు దగ్గర పట్టుకున్నాను. "ఏం బాబూ, నడుం పట్టేసిందా?" అన్నాను. అతనికి అర్థమయింది. "లైసెన్సు ఉంది ఆంటీ. షాపు మూసి క్యాష్‌తో డైరెక్టుగా వచ్చాను. కార్లో వదిలేస్తే అద్దం పగలగొట్టి పట్టుకుపోతారు" అన్నాడు. అతనికి ఊరి చివర గ్యాస్ స్టేషను ఉంది. రెండుసార్లు దోపిడీ జరిగింది. రాత్రి షిఫ్టుల్లో మన పిల్లలు కాల్పుల్లో చనిపోయిన వార్తలు మీరూ చదివే ఉంటారు. నేను ఏమీ అనలేకపోయాను. ప్రసాదం పొట్లం ఇంకొకటి ఇచ్చి పంపించాను.

తరవాత నెల కమిటీ మీటింగులో ప్రశ్న వచ్చింది. ద్వారం దగ్గర తుపాకులు తేకూడదని బోర్డు పెట్టాలా, వద్దా? అందరూ ఒకేసారి మాట్లాడారు. ఎవరికీ చట్టం సరిగ్గా తెలియదు. "నేను చదివి చెబుతాను" అన్నాను. రిటైరైన మనిషికి ఇలాంటి పనులే దొరుకుతాయి.

ముందు రెండు మూడు మాటలు. 'తుపాకి' టర్కీ భాష నుంచి నడిచొచ్చిన మాట. 'జేబు' అరబ్బీ మాట. ఈ రెండూ మనవి కావు. కానీ తుపాకీకి, జేబుకి మధ్య జరిగే పనికి మాత్రం మనకి అచ్చమైన తెలుగు మాట ఉంది. 'రొంటిన దోపుకోవడం.' రొంటి అంటే నడుము పక్కన బట్ట మడత. మా అమ్మమ్మ తాళంచెవులు, చిల్లర డబ్బులు రొంటిన దోపుకునేది. చీరకి జేబు లేదు కదా. పిస్టల్ పెట్టుకునే హోల్‌స్టర్‌కి కూడా మనకి మాట ఉంది, కత్తికి ఉండేదే: 'ఒర'. ఈ వ్యాసంలో ఒర అనే రాస్తాను.

ఇక చరిత్ర. నేను మొదట అనుకున్నది ఏమిటంటే, పాత రోజుల్లో అందరూ తుపాకులు స్వేచ్ఛగా పెట్టుకునేవారు, తరవాత ప్రభుత్వాలు ఆపాయి అని. అది తప్పు. అమెరికాలో తుపాకీ దాచుకోవద్దనే చట్టాలు చాలా పాతవి. 1813లో కెంటకీ రాష్ట్రం మొదలుపెట్టింది. జేబు పిస్టళ్ళు, బాకులు, లోపల కత్తి దాచిన చేతికర్రలు బట్టల్లో దాచుకుని తిరగకూడదు అంది. ప్రయాణంలో ఉన్నవాళ్ళకి మినహాయింపు ఇచ్చింది. అదే ఏడాది లూసియానా కూడా చట్టం చేసింది. కెంటకీలో చేతికర్రలో కత్తి దాచినందుకు బ్లిస్ అనే ఆయన మీద కేసు పెట్టారు. 1822లో అక్కడి కోర్టు ఆ చట్టమే చెల్లదంది. కెంటకీ వాళ్ళు ఊరుకోలేదు. 1850లో ఏకంగా తమ రాజ్యాంగాన్నే మార్చుకుని, దాచే ఆయుధాల్ని నిషేధించే అధికారం శాసనసభకి ఉంది అని రాసుకున్నారు.

ఇందులో నన్ను ఆపేసిన విషయం ఒకటుంది. అప్పటి వాళ్ళకి కోపం తుపాకీ మీద కాదు, దాచడం మీద. 1846లో జార్జియా కోర్టు, 1850లో లూసియానా కోర్టు దాదాపు ఒకే మాట చెప్పాయి. బహిరంగంగా పెట్టుకుంటే అది హక్కు. దాచుకుంటే ప్రభుత్వం ఆపవచ్చు. ఎందుకంటే దాచుకునేవాడు ఎదటివాడికి తెలియకుండా దెబ్బ తీస్తాడు, అది మగతనం కాదు, దొంగతనం. వాళ్ళ ఆలోచన అది. నిజాయితీ గలవాడు కనబడేలా పెట్టుకుంటాడు, హంతకుడు దాచుకుంటాడు.

ఈ రోజు మా సూపర్ మార్కెట్లో ఎవరైనా నడుముకి పిస్టల్ వేలాడదీసుకుని వస్తే, మర్యాద తెలియని మనిషి అనుకుంటాం. దాచుకున్నవాడే మర్యాదస్తుడు. మా గుడి అబ్బాయి సిగ్గుపడింది పిస్టల్ ఉన్నందుకు కాదు, అది కనబడినందుకు. రెండు వందల ఏళ్ళలో ఈ తూకం పూర్తిగా తలకిందులయింది. ఎలా అయింది అన్నదే నాకు ఆసక్తి.

సగం కథ బట్టల్లో ఉంది.

మొదటి పెద్ద రివాల్వర్లు మనిషి మోసేవి కావు, గుర్రం మోసేది. 1847 నాటి కోల్ట్ వాకర్ రివాల్వర్ బరువు రెండు కిలోల పైనే. టెక్సాస్ రేంజర్ శామ్యూల్ వాకర్ సలహాతో చేశారు కాబట్టి ఆ పేరు. దాన్ని జీనుకి తగిలించిన ఒరల్లో పెట్టేవారు. 1851లో కోల్ట్ నేవీ వచ్చింది. అది కిలో పైన బరువు, పదమూడు అంగుళాల పొడుగు. వైల్డ్ బిల్ హికాక్ అలాంటివి రెండు నడుముకి కట్టిన పట్టీలో, పిడులు ముందుకి వచ్చేలా దోపుకునేవాడు. అదీ రొంటిన దోపుకోవడమే.

దాచాలంటే చిన్న పిస్టల్ కావాలి. ఫిలడెల్ఫియాలో హెన్రీ డెరింజర్ అనే ఆయన చేసిన జేబు పిస్టళ్ళు అందుకే ప్రసిద్ధి. 1865 ఏప్రిల్ 14 రాత్రి జాన్ విల్క్స్ బూత్ నాటకశాలలోకి తీసుకెళ్ళి లింకన్‌ని కాల్చింది అలాంటిదే, ఆరంగుళాలు కూడా లేని పిస్టల్. దాచిన తుపాకీ అంటే హంతకుడి తుపాకీ అనే భయానికి ఇంతకంటే పెద్ద సాక్ష్యం ఎవరికి కావాలి?

పెద్ద పిస్టల్ దాచడానికి పెద్ద కోటు కావాలి. సినిమాల్లో ఎన్నోసార్లు తీసిన టూంబ్‌స్టోన్ కాల్పులు 1881 అక్టోబరు 26న జరిగాయి. ఆ ఊళ్ళో తుపాకులు పెట్టుకుని తిరగకూడదని మునిసిపల్ రూలు ఉంది. ఆ రూలు అమలు చెయ్యడానికి వెళ్ళినప్పుడే ఆ కాల్పులు జరిగాయి. వయాట్ అర్ప్ తరవాత కోర్టులో ఇచ్చిన వాంగ్మూలంలో తన పిస్టల్ ఓవర్‌కోటు జేబులో ఉంది అని చెప్పాడు. నడుముకి వేలాడలేదు! మన కౌబాయ్ సినిమాలకి మూలమైన కాల్పుల్లో హీరో తుపాకీ కోటు జేబులో ఉంది. ఇది చదివి నేను మా అన్నయ్యకి హైదరాబాద్ ఫోన్ చేసి మరీ చెప్పాను.

ఇప్పుడు టెక్సాస్ చట్టానికి వస్తాను. అంతర్యుద్ధం 1865లో ముగిసింది. తరవాత టెక్సాస్‌లో హత్యలు విపరీతం. బానిసత్వం నుంచి బయటపడిన నల్లవాళ్ళని చంపడం మామూలైపోయింది. గవర్నర్ ఎడ్మండ్ డేవిస్ ప్రభుత్వం 1870లో రాష్ట్ర పోలీసు దళం పెట్టింది, అందులో నల్లవాళ్ళకీ ఉద్యోగాలు ఇచ్చింది. అదే 1870లో ఒక చట్టం చేసింది: చర్చిలోకి, మతపరమైన సభలోకి, బడిలోకి, డాన్సు హాల్లోకి, ఎన్నికల చోటుకి తుపాకీ తేకూడదు. మా కమిటీ 2020ల్లో కూర్చుని వాదించుకున్న ప్రశ్నకి 1870 నాటి టెక్సాస్ శాసనసభ సూటిగా జవాబు చెప్పేసింది. మీటింగులో ఈ సంగతి చెప్పినప్పుడు ఒక్క క్షణం ఎవరూ మాట్లాడలేదు.

1871 ఏప్రిల్ 12 నాటి చట్టం ఇంకా ముందుకి వెళ్ళింది. ఒంటి మీద గానీ, జీను మీద గానీ, జీను సంచిలో గానీ పిస్టల్ పెట్టుకుంటే 25 నుంచి 100 డాలర్ల జరిమానా, పిస్టల్ జప్తు. అప్పట్లో అది నెలల జీతం. సొంత ఇంట్లో, సొంత పొలంలో పెట్టుకోవచ్చు. ప్రయాణికుడు పెట్టుకోవచ్చు. వెంటనే దాడి జరుగుతుందని గట్టి కారణం ఉంటే పెట్టుకోవచ్చు. 'ప్రయాణికుడు' అంటే ఎవరు, ఎంత దూరం వెళితే ప్రయాణం అని టెక్సాస్ కోర్టులు తరవాత ఎన్నో ఏళ్ళు తలలు పట్టుకున్నాయి.

డేవిస్ ఓడిపోయాడు. అతన్ని ద్వేషించేవాళ్ళు అధికారంలోకి వచ్చారు. కానీ పిస్టల్ చట్టాన్ని మాత్రం తీసెయ్యలేదు. ఎందుకు? కాగితం మీద చట్టం అందరికీ ఒకటే. అమలు చేసే షెరీఫ్‌కి అందరూ ఒకటి కాదు. దీని గురించి దక్షిణాది రాష్ట్రాల చరిత్రలో దాపరికం లేని సాక్ష్యం ఒకటుంది. ఫ్లోరిడాలో 1893లో చేసిన తుపాకీ లైసెన్సు చట్టం గురించి 1941లో అక్కడి సుప్రీంకోర్టు జడ్జి ఒకాయన తీర్పులోనే రాశాడు, ఇది నల్ల కూలీల చేతుల్లోంచి ఆయుధాలు తీసెయ్యడానికి చేసిన చట్టం, తెల్లవాళ్ళ మీద పెట్టాలని ఎవరూ అనుకోలేదు అని. 1956 జనవరిలో అలబామాలో మార్టిన్ లూథర్ కింగ్ ఇంటి మీద బాంబు వేశారు. తరవాత ఆయన దాచుకుని తిరిగే పిస్టల్ కోసం లైసెన్సు అడిగాడు. ఇవ్వలేదు. ఆయనకంటే ప్రమాదంలో ఉన్న మనిషి ఆ ఊళ్ళో ఎవరు? లైసెన్సు ఇవ్వడం, ఇవ్వకపోవడం అధికారి ఇష్టం అయినప్పుడు, మనలాంటి రంగు ఉన్నవాళ్ళు ఏ వరసలో నిలబడతాం అని నేను ఆలోచించాను. తుపాకులంటే నాకు ఇష్టం లేదు. అయినా ఈ పేజీ చదివాక నా అభిప్రాయం కొంచెం కదిలింది.

ఉత్తరాన న్యూయార్క్ 1911లో సల్లివాన్ చట్టం చేసింది. దాచగలిగినంత చిన్న తుపాకీకి లైసెన్సు తప్పనిసరి అంది. తమాషా ఏమిటంటే, అదే 1911 మార్చిలో అమెరికా సైన్యం జాన్ బ్రౌనింగ్ తయారుచేసిన .45 పిస్టల్‌ని తీసుకుంది. దాని పేరే 1911. ఎనిమిదిన్నర అంగుళాల పొడుగు, తూటాలు లేకుండానే దాదాపు 1.1 కిలోల బరువు. కిలో కందిపప్పు ప్యాకెట్టు నడుముకి కట్టుకుని రోజంతా తిరిగినట్టు. పూర్తి సైజు పిస్టల్ అంటే ఎంత అని ఎవరైనా అడిగితే ఇప్పటికీ దీన్నే చూపిస్తారు.

ఇంత పెద్దది ఎందుకు మొయ్యాలి, చిన్నది కొనుక్కోవచ్చు కదా? నేనూ ఇదే అడిగాను. గ్యాస్ స్టేషను అబ్బాయి ఓపిగ్గా చెప్పాడు. చిన్న పిస్టల్‌కి పిడి చిన్నది, చిటికెన వేలు గాల్లో ఉంటుంది. తేలిక కాబట్టి పేలినప్పుడు చేతిలో ఎగురుతుంది. గురి తప్పుతుంది. పెద్దది బరువు కాబట్టి కుదురుగా ఉంటుంది, తూటాలు ఎక్కువ పడతాయి. "దాచడం చిన్నదానితో ఈజీ, కాల్చడం పెద్దదానితో ఈజీ ఆంటీ" అన్నాడు. ఈ విషయం మీద ఇంటర్నెట్లో నేను చదివిన మగవాళ్ళ వాదనలన్నీ ఆ ఒక్క ముక్కలో ఉన్నాయి.

కోట్లు పోవడంతో దాచడం కష్టమైంది. ఏసీలు, పొట్టి చేతుల చొక్కాలు, వేసవిలో వంద డిగ్రీల ఎండ. కోటు వేసుకుని తిరిగేవాణ్ణే అనుమానంగా చూస్తారు. ఈ సమస్య మొదట వచ్చింది మారువేషంలో పనిచేసే పోలీసులకి. 1970ల్లో కాలిఫోర్నియాలో మత్తుమందుల కేసుల మీద పనిచేసే బ్రూస్ నెల్సన్ అనే అధికారి ఒక తోలు ఒర తయారుచేశాడు. అది బెల్టుకి బయట కాకుండా ప్యాంటు లోపలి వైపు ఉంటుంది. పిస్టల్ తీసినా నోరు మూసుకుపోకుండా లోపల లోహపు పట్టీ ఉంటుంది. ఐడహోలో మిల్ట్ స్పార్క్స్ అనే ఒరల తయారీదారు దాన్ని అమ్మాడు. దాని పేరు 'సమ్మర్ స్పెషల్'. వేసవి కోసం! పేరులోనే కారణం ఉంది. కోటు లేకుండా, వదులు చొక్కా కింద, 1911 అంత పిస్టల్ దాచవచ్చు.

ఇందులో కిటుకు నాకు ఇలా అర్థమయింది. గొట్టం ఎంత పొడుగైనా ఫరవాలేదు, అది ప్యాంటులోకి దిగిపోతుంది. బయటికి పొడుచుకొచ్చేది పిడి. చొక్కా మీద దాని ఆకారం తేలడాన్ని వీళ్ళు 'ప్రింటింగ్' అంటారు. మనం గుడ్డ మీద అచ్చు పడింది అనవచ్చు. పూర్తి సైజు పిస్టల్‌కి పిడి పెద్దది, కాబట్టి అచ్చు పడే భయం ఎక్కువ. అందుకే నడుం కొలత ఒక సైజు ఎక్కువ ప్యాంటు, వంగని దళసరి బెల్టు, టక్ చెయ్యని పూల చొక్కా. నిలబడితే ఎవరికీ తెలియదు. వంగితే తెలుస్తుంది. అమెరికాలో మామూలు మనిషి రోజులో ఎన్నిసార్లు వంగుతాడు? మన గుడిలో అయితే అడుగడుగునా వంగడమే. సాష్టాంగాన్ని దృష్టిలో పెట్టుకుని ఎవరూ ఒర తయారుచెయ్యలేదు.

ఇంకో భయం నాకు తరవాత తట్టింది. మా వాలంటీర్లు వేసుకునే లాల్చీ కింద ఏ సైజుదైనా పట్టేస్తుంది.

పిస్టళ్ళు కూడా మారాయి. గాస్టన్ గ్లాక్ ప్లాస్టిక్ చట్రంతో చేసిన పిస్టల్‌ని 1982లో ఆస్ట్రియా సైన్యం తీసుకుంది. అది 1911కి దగ్గరదగ్గర సైజే, కానీ ఖాళీగా ముప్పావు కిలో కూడా ఉండదు. 17 తూటాలు పడతాయి. 1994లో అమెరికా ప్రభుత్వం కొత్త మ్యాగజైన్లలో పదికి మించి తూటాలు ఉండకూడదని చట్టం చేసింది, అది 2004 దాకా ఉంది. పదే అయినప్పుడు పెద్ద పిస్టల్ ఎందుకని కంపెనీలు చిన్నవాటి మీద పడ్డాయి. 1995లో గ్లాక్ 26 వచ్చింది. తుపాకుల్ని తగ్గించాలని చేసిన చట్టం తుపాకుల్ని దాచడం తేలిక చేసింది! చట్టాలు చేసేవాళ్ళకి బట్టల గురించి తెలియదని నా అనుమానం.

టెక్సాస్ మారింది ఒక ఘోరం తరవాత. 1991 అక్టోబరు 16న కిలీన్ ఊళ్ళో లూబీస్ అనే ఫలహారశాలలోకి ఒకడు ట్రక్కుతో ముందు కిటికీ పగలగొట్టుకుని వచ్చి 23 మందిని చంపాడు. అక్కడ సుజానా గ్రేషియా హప్ అనే ఆవిడ తల్లిదండ్రులతో భోజనం చేస్తోంది. ఆవిడకి రివాల్వర్ ఉంది. చట్టానికి భయపడి కార్లో వదిలి వచ్చింది. తల్లి, తండ్రి ఇద్దరూ ఆ కాల్పుల్లో చనిపోయారు. ఆవిడ రాష్ట్రమంతా తిరిగి ఈ కథ చెప్పింది, తరవాత శాసనసభకి ఎన్నికయింది. 1993లో వచ్చిన బిల్లుని గవర్నర్ ఆన్ రిచర్డ్స్ వీటో చేసింది. 1994లో ఆమె ఎన్నికల్లో ఓడింది. గెలిచిన జార్జ్ బుష్ 1995లో సంతకం పెట్టాడు. 1996 నుంచి లైసెన్సులు మొదలయ్యాయి. క్లాసు, రాత పరీక్ష, మూడు దూరాల నుంచి 50 తూటాల గురి పరీక్ష.

ఆ చట్టంలో ఒక షరతు చూడండి. పిస్టల్ దాచే ఉండాలి. కావాలని కనబడనిస్తే నేరం. 1846లో జార్జియా కోర్టు చెప్పినదానికి ఇది సరిగ్గా ఎదురు. అప్పుడు దాచేవాడు నేరస్థుడు. ఇప్పుడు చూపించేవాడు నేరస్థుడు. మిగిలినవాళ్ళు భయపడకుండా ఉండాలంటే, తుపాకీ ఉన్న సంగతి తెలియకూడదు. అందరం దానికి అలవాటు పడ్డాం. 1996 నుంచి నా పక్కన వరసలో నిలబడిన ఎంతమంది దగ్గర పిస్టల్ ఉందో నాకు తెలియదు. తెలియకపోవడమే చట్టం ఉద్దేశం.

తరవాతవి త్వరగా చెబుతాను. 2016 జనవరి నుంచి లైసెన్సు ఉన్నవాళ్ళు ఒరలో బయటికి కనబడేలా కూడా పెట్టుకోవచ్చు. 2021 సెప్టెంబరు నుంచి 21 ఏళ్ళు దాటి, చట్టపరంగా తుపాకీ కలిగి ఉండగలవాళ్ళకి లైసెన్సే అక్కర్లేదు. 2022 జూన్‌లో దేశ సుప్రీంకోర్టు న్యూయార్క్ పాత పద్ధతిని కొట్టేసింది. ప్రత్యేకమైన కారణం చూపిస్తేనే లైసెన్సు అనడం చెల్లదంది.

గుళ్ళ సంగతి వేరే. 2012 ఆగస్టు 5న విస్కాన్సిన్‌లో ఓక్ క్రీక్ గురుద్వారాలో లంగరు వండుకుంటున్న వేళ ఒకడు కాల్పులు జరిపి ఆరుగుర్ని చంపాడు. గాయపడిన ఏడో మనిషి ఏడేళ్ళకు పైగా మంచంలో ఉండి పోయాడు. ఆ వారం మా గుడిలో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో ఒక తెలుగు ఇంజనీరుని బారులో కాల్చి చంపాడొకడు, మీ దేశానికి పొండి అని అరుస్తూ. ఆ తరవాతే మా వాళ్ళలో కొందరు లైసెన్సు క్లాసులకి వెళ్ళారు. అదే ఏడాది నవంబరులో టెక్సాస్‌లోనే సదర్లాండ్ స్ప్రింగ్స్ చర్చిలో ఇరవై మందికి పైగా చనిపోయారు. ఆ ముందే, సెప్టెంబరులో, ప్రార్థనా స్థలాలకి వాలంటీర్లే కాపలా ఉండవచ్చని టెక్సాస్ చట్టం మార్చింది. 2019లో, బోర్డు పెట్టని గుడిలోకి లైసెన్సు ఉన్నవాళ్ళు తుపాకీ తేవచ్చని స్పష్టం చేసింది.

2019 డిసెంబరు 29న వైట్ సెటిల్‌మెంట్ అనే ఊరి చర్చిలో జరిగినది వీడియోలో ఉంది. నేను ఒక్కసారే చూశాను. పొడుగు కోటు, విగ్గు, పెట్టుడు గడ్డం వేసుకుని ఒకడు వచ్చి కూర్చున్నాడు. కోటులోంచి షాట్‌గన్ తీశాడు. వాణ్ణి ముందే కనిపెట్టి ఉన్న ఒక కాపలా సభ్యుడు తన పిస్టల్ తీసేలోపే వాడు కాల్చాడు. ఇద్దరు భక్తులు చనిపోయారు. కాపలా జట్టు పెద్ద, చాలా ఏళ్ళు తుపాకీ శిక్షణ ఇచ్చిన మనిషి, ఒక్క తూటాతో వాణ్ణి పడేశాడు. మొత్తం ఆరు సెకన్లు. ఈ వీడియో చూసి మా కమిటీలో ఒకాయన "చూశారా, అందుకే పెట్టుకోవాలి" అన్నారు. ఇంకొకాయన "చూశారా, అంత శిక్షణ ఉంటేనే" అన్నారు. నేను చూసింది వేరేది. ఆ ఒక్క తూటా తరవాత, ఇంకా చాలామంది పిస్టళ్ళు తీసుకుని లేచారు. వాళ్ళలో ఎవరు ఎవరో బయటినుంచి వచ్చే పోలీసుకి ఎలా తెలుస్తుంది? మా గుడిలో, బొట్టు పెట్టుకుని, లాల్చీ వేసుకుని, చేతిలో పిస్టల్‌తో ఉన్న మా అబ్బాయిని చూసి ఆ పోలీసు ఏమనుకుంటాడు?

ఇవన్నీ కమిటీకి చెప్పాను. ఓటింగులో బోర్డు పెట్టాలన్నవాళ్ళే గెలిచారు, రెండు ఓట్ల తేడాతో. నేనూ బోర్డుకే వేశాను. వేసిన చెయ్యి దించాక ఆ అబ్బాయి ముఖం గుర్తొచ్చింది. వాళ్ళ షాపుకి రాత్రి పదింటికి వెళ్ళి నేను కూర్చోను కదా.

టెక్సాస్‌లో బోర్డు అంటే ఒకటి కాదు, మూడు. లైసెన్సుతో దాచుకున్నవాళ్ళకి ఒకటి, లైసెన్సుతో చూపించేవాళ్ళకి ఒకటి, లైసెన్సు లేనివాళ్ళకి ఒకటి. ఒక్కోదానికీ చట్టంలో సెక్షన్ నంబరు ఉంది. అక్షరాలు కనీసం అంగుళం ఎత్తు ఉండాలి. వెనక రంగుకీ అక్షరాల రంగుకీ తేడా కనబడాలి. ఇంగ్లీషులోనూ, స్పానిష్‌లోనూ రాయాలి. మా గుడికి వచ్చేవాళ్ళు తెలుగు, తమిళం, కన్నడం, గుజరాతీ మాట్లాడతారు. స్పానిష్ వచ్చినవాళ్ళు వంటింట్లో సాయం చేసే ఇద్దరు, అంతే. 'చెప్పులు ఇక్కడ విడువుడు' అన్న మా పాత పలక పక్కన ఆ మూడూ పెట్టేసరికి గోడ నిండిపోయింది.

తెలుగులో కూడా ఒక వరస ఉంటే బాగుంటుందని అధ్యక్షుడుగారు అన్నారు. ఆ పని నాకు ఇచ్చారు, ఈ మధ్యే తెలుగు రాయడం నేర్చుకున్న ఉత్సాహం నాదే కాబట్టి. 'దాచిన తుపాకులు తేరాదు' అని రాశాను. చదువుకుంటే దొంగని తిట్టినట్టుంది. మనకి 'దాచడం' అంటే రెండు అర్థాలు కదా, డబ్బు దాచుకోవడం మంచిది, నిజం దాచడం చెడ్డది. 'కనబడకుండా పెట్టుకున్న' అని మార్చాను. అయితే కనబడేలా పెట్టుకోవచ్చా అని మావారు అడిగారు. 'రొంటిన దోపుకున్న' అని రాస్తే పిల్లలకి అర్థం కాదు. చివరికి 'లోపలికి తుపాకీ తేవద్దండి' అని రాసి ఇచ్చాను. ఆ 'అండి' అవసరమా అని పెయింటరు అడిగాడు, అక్షరానికి ఇంత అని డబ్బు తీసుకుంటాడు కాబట్టి. ఉంచమన్నాను.